హెచ్ఐవీ ఉందని ఎవరికి చెప్పాలి, ఎవరికి అక్కర్లేదు: చట్టం గీసిన గీతలు

హెచ్ఐవీ టెస్టులో పాజిటివ్ అని తేలిన మనిషికి మందుల గురించి ఆలోచన రాకముందే ఒక టెన్షన్ మొదలవుతుంది. ఇప్పుడు ఎవరికి చెప్పాలి? డాక్టరు మా ఇంట్లో చెప్పేస్తారా? ఆఫీసులో దాస్తే తప్పా? పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, ఏం చేయాలి? అవతలి వైపు నుంచీ ప్రశ్నలుంటాయి. నా భర్తకు ఉందని ఆసుపత్రిలో అందరికీ తెలుసు, నాకెందుకు ఒక్క మాట చెప్పలేదు?

వీటన్నిటినీ కలిపి 'చెప్పాలా, దాచాలా' అనే ఒక్క ప్రశ్నగా మార్చడంతోనే గందరగోళం మొదలవుతుంది. వైరస్ మరొకరికి సోకకుండా చూసుకోవడం ఒక బాధ్యత. తనకు ఉన్న సంగతి బయటపెట్టడం వేరే విషయం. కొన్ని సంబంధాల్లో ఈ రెండూ కలుస్తాయి, చాలా సంబంధాల్లో అసలు కలవవు. మన దేశంలో 2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ఈ తేడా మీదే నిలబడింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. అయినా చాలా ఆసుపత్రుల్లో, ఇళ్లలో నడుస్తున్న లెక్కలు అంతకు ముందు కాలానివే.

ఎలా సోకుతుందో తెలిస్తే సగం చిక్కు వీడుతుంది

హెచ్ఐవీ ఒక వైరస్. ఒంట్లో రోగాలతో పోరాడే సీడీ4 కణాలను అది దెబ్బతీస్తుంది. చికిత్స లేకుండా ఏళ్లు గడిచి, ఆ కణాలు బాగా పడిపోయి, మామూలు మనిషికి రాని ఇన్ఫెక్షన్లు చుట్టుముట్టే దశ ఎయిడ్స్. వేళకు ఏఆర్‌టీ మందులు (వైరస్ పెరగకుండా అణచిపెట్టేవి) మొదలుపెట్టి మానకుండా వాడేవాళ్లలో చాలామంది ఆ దశకు వెళ్లరు.

సోకే దారులు కొన్నే. కండోమ్ లేని లైంగిక సంబంధం, ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడటం, సోకిన రక్తం ఎక్కించడం, తల్లి నుంచి బిడ్డకు కడుపులో ఉండగానో కాన్పులోనో పాల ద్వారానో రావడం. ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్రూం వాడినా, దగ్గినా, కౌగిలించుకున్నా, దోమ కుట్టినా రాదు.

దీన్నిబట్టి చూస్తే, పక్క సీటు ఉద్యోగికీ ఇంటి ఓనరుకూ మేనమామకూ ఈ సంగతి తెలియాల్సిన వైద్య కారణం ఏదీ లేదు. వాళ్లకు చెప్పడం, చెప్పకపోవడం పూర్తిగా ఆ మనిషి ఇష్టం. నిజంగా కష్టమైన ప్రశ్నలన్నీ భార్యాభర్తల దగ్గర, లైంగిక సంబంధం ఉన్నవాళ్ల దగ్గర, పిల్లల దగ్గర వస్తాయి.

వైరల్ లోడ్ తేల్చేది ఎంత, తేల్చనిది ఎంత

మిల్లీలీటరు రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్కను వైరల్ లోడ్ అంటారు. ఏఆర్‌టీ క్రమం తప్పకుండా వాడితే చాలామందిలో ఆరు నెలల్లోపే అది పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి అలాగే నిలబడితే లైంగికంగా ఇంకొకరికి సోకదని ఇప్పుడు గట్టి రుజువుంది. పార్ట్‌నర్ పేరుతో ఐరోపాలో రెండు విడతలుగా చేసిన అధ్యయనంలో, ఒకరికి హెచ్ఐవీ ఉండి మరొకరికి లేని జంటలను ఏళ్ల తరబడి గమనించారు. 2019లో వెలువడిన రెండో విడతలో 782 పురుష జంటలున్నాయి. సుమారు 76 వేల సార్లు కండోమ్ లేకుండా కలిసినా, మందులు వాడుతున్న భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదు. ఆ కాలంలో కొత్తగా 15 మందికి హెచ్ఐవీ వచ్చిన మాట నిజమే. కానీ వైరస్ జన్యువులను పోల్చి చూస్తే అవన్నీ ఆ జంటకు బయటి వ్యక్తుల నుంచి వచ్చినవని తేలింది. స్త్రీ పురుష జంటలు కూడా ఉన్న మొదటి విడతలోనూ ఫలితం ఇదే.

దీనికి హద్దులున్నాయి. సూదులు పంచుకునేవారికి ఈ భరోసా వర్తిస్తుందని రుజువు కాలేదు. తల్లి పాల ద్వారా సోకే ప్రమాదం మందులతో చాలా తగ్గుతుంది గానీ సున్నా అని ఎవరూ హామీ ఇవ్వడం లేదు. మందులు ఆపితే వైరల్ లోడ్ మళ్లీ పెరుగుతుంది. సిఫిలిస్, గనేరియా లాంటి ఇతర సుఖవ్యాధులను ఈ మందులు ఆపవు.

అన్నిటికన్నా పెద్ద హద్దు ఇంకొకటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. వైరల్ లోడ్ పరీక్షకు అందకపోతే ఇకమీదట సోకదని అర్థం. ఇప్పటికే సోకిందా లేదా అన్నది ఆ రిపోర్టు చెప్పలేదు. టెస్టు చేయించుకోకముందు, మందులు మొదలుపెట్టకముందు గడిచిన నెలలో ఏళ్లో ఉంటాయి కదా. ఆ కాలానికి సంబంధించిన జవాబు భాగస్వామి చేయించుకునే టెస్టులోనే దొరుకుతుంది. 'నా లోడ్ సున్నా, కాబట్టి చెప్పనక్కర్లేదు' అనే వాదన రేపటి విషయంలో బలంగా, నిన్నటి విషయంలో బలహీనంగా ఉండేది ఇందుకే.

చట్టం రాకముందు కోర్టు ఏమంది

ఈ విషయంలో ఇప్పటికీ చాలామంది నోట వినిపించేది 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఒక రోగి ఆపరేషన్‌కు రక్తం ఇవ్వడానికి వెళ్లిన ఒక వ్యక్తికి హెచ్ఐవీ ఉన్నట్టు ఆసుపత్రిలో తేలింది. ఆ సంగతి ఆసుపత్రి నుంచి బయటికి పొక్కి, అప్పటికే కుదిరిన పెళ్లి ఆగిపోయింది. గోప్యత తప్పారని ఆయన కేసు వేశారు. తీర్పులో ఆయన పేరు 'ఎక్స్' అనీ ఆసుపత్రి పేరు 'జెడ్' అనీ మాత్రమే ఉంటుంది. గోప్యత హక్కుకు హద్దులున్నాయని, పెళ్లి కూతురి ఆరోగ్యం, ప్రాణం దానికంటే ముందుంటాయని కోర్టు చెప్పింది. అక్కడితో ఆగకుండా, ఇలాంటి వ్యాధి ఉన్నవారికి నయమయ్యేదాకా పెళ్లి చేసుకునే హక్కు నిలిచిపోతుందని కూడా అంది.

2002 డిసెంబరులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దీన్ని మళ్లీ చూసింది. ఆ కేసు తేల్చడానికి పెళ్లి హక్కు గురించిన వ్యాఖ్యలు అవసరమే లేదని, అవి లెక్కలోకి రావని స్పష్టం చేసింది. 'హెచ్ఐవీ ఉంటే పెళ్లి చేసుకోకూడదని సుప్రీంకోర్టు చెప్పింది' అని ఎవరైనా అంటే వాళ్లు మొదటి తీర్పు దగ్గరే ఆగిపోయారని అర్థం.

మూల సూత్రం: బలవంతంగా చెప్పించకూడదు

కొత్త చట్టంలో సెక్షన్ 8 దగ్గర మొదలుపెట్టాలి. న్యాయం కోసం తప్పనిసరి అని కోర్టు ఆదేశిస్తే తప్ప, హెచ్ఐవీ ఉన్నదీ లేనిదీ చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదు. నమ్మకంతో తెలిసిన ఇంకొకరి సంగతిని వాళ్ల సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. డాక్టరు, కౌన్సెలర్ లాంటి నమ్మకం మీద నడిచే సంబంధాల్లో ఆ సమ్మతి రాతపూర్వకంగా ఉండాలి.

మినహాయింపులున్నాయి. వైద్యం చేయడానికి అవసరమైతే ఒక డాక్టరు అదే రోగిని చూస్తున్న ఇంకో డాక్టరుకు చెప్పవచ్చు. కోర్టు ఆదేశిస్తే చెప్పవచ్చు. మనిషి ఎవరో తెలియని గణాంకాలు ఇవ్వవచ్చు. 'చికిత్స కోసం అవసరమైతే' అన్న షరతు చిన్నది కాదు. మంచం మీద 'హెచ్ఐవీ' అని బోర్డు తగిలించడం, కేసు షీటు మీద అందరికీ కనిపించేలా ఎర్ర సిరాతో రాయడం దాని కిందికి రావు.

సెక్షన్ 10 మరో వైపు నుంచి మాట్లాడుతుంది. తనకు హెచ్ఐవీ ఉందనీ అది ఎలా సోకుతుందో తెలిసిన వ్యక్తి, ఇతరులకు సోకకుండా సహేతుకమైన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి. ఆ జాగ్రత్తల్లో ప్రమాదం తగ్గించే పద్ధతులు ఉండవచ్చు, లేదా కలవడానికి ముందే సంగతి చెప్పడం ఉండవచ్చు అంటుంది చట్టం. అంటే చెప్పడం అనేది జాగ్రత్తల్లో ఒకటి, ఒక్కటే దారి మాత్రం కాదు. కండోమ్ వాడుతూ, మందులు మానకుండా ఉన్న వ్యక్తి ఈ బాధ్యత నెరవేర్చినట్టేనని వాదించే అవకాశం ఈ సెక్షన్‌లోనే ఉంది.

డాక్టరు భార్యకు చెప్పేయవచ్చా?

అసలు తగువంతా ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. పెళ్లై ఆరేళ్లయిన ఒకాయనకు జనవరిలో పాజిటివ్ వచ్చింది. ఏఆర్‌టీ సెంటర్‌లో మందులు మొదలయ్యాయి. 'మీ ఆవిడని కూడా తీసుకురండి, టెస్ట్ చేద్దాం' అని కౌన్సెలర్ అడిగారు. వచ్చే నెల అన్నాడు. ఆ తర్వాత నెల పనుందన్నాడు. ఏప్రిల్‌లో 'చెప్పను, చెప్తే కాపురం ఉండదు' అని తేల్చేశాడు.

సెక్షన్ 9 ప్రకారం ఇలాంటప్పుడు భాగస్వామికి చెప్పే అధికారం డాక్టరుకూ కౌన్సెలర్‌కూ మాత్రమే ఉంది. నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఆసుపత్రిలో పనిచేసే బంధువు చెప్పకూడదు. డాక్టరైనా సరే నాలుగు షరతులు దాటాలి. భార్యకు సోకే ప్రమాదం గణనీయంగా ఉందని సహేతుకంగా నమ్మాలి. ఆమెకు చెప్పమని భర్తకు ముందే కౌన్సెలింగ్ ఇచ్చి ఉండాలి. అతను చెప్పడని నిర్ధారణకు రావాలి. 'నేను చెప్పబోతున్నాను' అని ముందుగా అతనికి తెలియజేయాలి. ఆ తర్వాత కూడా ఫోన్‌లోనో ఉత్తరంలోనో కాకుండా ఆమెకు కౌన్సెలింగ్ ఇచ్చి ముఖాముఖిగానే చెప్పాలి.

మన ఉదాహరణలో ఏప్రిల్ నాటికి రెండో, మూడో షరతులు తీరినట్టే. నాలుగోది ఒక్క మాటతో తీరుతుంది. మొదటిదే చిక్కు. జనవరిలో అతని వైరల్ లోడ్ ఎక్కువే, కాబట్టి ప్రమాదం ఉందనడంలో సందేహం లేదు. ఇదే సంభాషణ ఏడాది తర్వాత, లోడ్ పరీక్షకు అందని స్థితిలో జరిగితే? ఇకముందు సోకే ప్రమాదం లేనప్పుడు 'గణనీయమైన ప్రమాదం' అనే షరతు తీరుతుందా? వైరల్ లోడ్ ఎంతుంటే ఎంత ప్రమాదమో చట్టం చెప్పలేదు. కానీ ఆ ఆరేళ్లలో ఆమెకు ఇప్పటికే సోకి ఉంటే, తెలియకుండా ఆమె ఆరోగ్యం పాడవుతూ ఉంటుంది, గర్భం వస్తే బిడ్డకూ ప్రమాదం. ఈ ఇబ్బంది తెలిసిన కౌన్సెలర్లు ముందుగా ఆవిడని టెస్టుకు రప్పించడం మీదే శక్తంతా పెడతారు.

ఇంకో సంగతి. చట్టం ఇక్కడ డాక్టరుకు అధికారం ఇచ్చింది, బాధ్యత మోపలేదు. భాగస్వామి ఎవరో, ఎక్కడున్నారో వెతికే పని కూడా డాక్టరుది కాదు. చెప్పినా చెప్పకపోయినా ఈ సెక్షన్ కింద వాళ్ల మీద కేసు నడవదు. మొదట్లో ఆ భార్య అడిగిన 'నాకెందుకు చెప్పలేదు' అన్న ప్రశ్నకు చట్టం దగ్గర పూర్తి ఊరట లేదు.

దీని మీద రెండు వాదనలున్నాయి, రెండింటికీ బరువుంది. భాగస్వామి వైపు నిలబడేవాళ్లు, తన ఒంటికి సంబంధించిన ప్రమాదం తెలుసుకునే హక్కు మొదటిదని, డాక్టరు దయ మీద అది ఆధారపడకూడదని అంటారు. గోప్యత వైపు నిలబడేవాళ్లు, డాక్టరు ఇంట్లో చెప్పేస్తాడన్న భయం ఉంటే జనం టెస్టుకే రారని, అప్పుడు భార్యలకు అసలే తెలియదని అంటారు. నాకు రెండో వాదన ఆచరణలో ఎక్కువ నిలుస్తుందనిపిస్తుంది. అలాగని అది ఆ ఒక్క భార్యకు జవాబు కాలేదు.

'భాగస్వామి' అనే నిర్వచనంలోనూ ఒక ఖాళీ ఉంది. పెళ్లి చేసుకున్నవాళ్లు, భార్యాభర్తల్లా కలిసి ఉంటున్నవాళ్లు మాత్రమే దాని కిందికి వస్తారు. అప్పుడప్పుడూ కలిసే స్నేహితురాలికో, పాత సంబంధానికో డాక్టరు చెప్పే అధికారం సెక్షన్ 9లో లేదు. జాగ్రత్తలు తీసుకునే బాధ్యత మాత్రం ఎవరితో కలిసినా ఉంటుంది.

ఆడవాళ్ల విషయంలో మినహాయింపు

పాజిటివ్ వచ్చింది స్త్రీకి అయితే చట్టం ఒక అడుగు వెనక్కి వేస్తుంది. భర్తకు చెబితే ఆమెను కొడతారనో వదిలేస్తారనో, ఆమె ఆరోగ్యానికి, ఆమె పిల్లలకు, దగ్గరివాళ్లకు తీవ్రమైన హాని జరుగుతుందనో సహేతుకమైన భయం ఉంటే డాక్టరు చెప్పకూడదు. అదే భయం ఉన్నచోట లైంగికంగా సోకకుండా చూసే సెక్షన్ 10 బాధ్యత నుంచి కూడా ఆమెకు మినహాయింపు ఉంది.

ఇది మగవాళ్లకు అన్యాయం కాదా అని అడిగేవాళ్లుంటారు. టెస్టులు జరిగే తీరు చూస్తే కారణం తెలుస్తుంది. గర్భిణులందరికీ హెచ్ఐవీ టెస్టు చేయిస్తారు కాబట్టి చాలా ఇళ్లలో ముందు బయటపడేది భార్య రిపోర్టే. ఆమెకు సోకింది భర్త నుంచే అయినా, మొదట తేలింది ఆమెకు కాబట్టి నింద ఆమె మీద పడుతుంది. ఒకరి రిపోర్టు ముందుగా వచ్చినంత మాత్రాన వైరస్ ముందుగా వాళ్లకే వచ్చిందని కాదు. ఏ టెస్టూ ఆ వరస చెప్పలేదు. ఈ మినహాయింపు వల్ల నెగెటివ్ ఉన్న భర్త ప్రమాదంలో పడే సందర్భం కూడా ఉంటుందన్నది కాదనలేని మాట. ఆమె మందులు క్రమంగా వాడితే ఆ ప్రమాదం కూడా తగ్గిపోతుంది. బహుశా అందుకే చట్టం ఆమె భద్రత వైపు మొగ్గింది.

పెళ్లికి ముందు

పెళ్లికి ముందు హెచ్ఐవీ టెస్టు తప్పనిసరి అని ఈ చట్టంలో లేదు. సమ్మతి లేకుండా టెస్టు చేయకూడదన్నదే దాని మూలం. రెండు కుటుంబాలూ మాట్లాడుకుని ఇద్దరికీ చేయించుకోవడానికి అడ్డేమీ లేదు. ఒక నెగెటివ్ రిపోర్టుకు ఉన్న పరిమితి గుర్తుంటే చాలు. సోకిన కొత్తలో కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా టెస్టుకు చిక్కని కాలం ఉంటుంది.

దాచి చేసుకుంటే ఏమవుతుందన్నది వేరే చట్టం చూసే సంగతి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 ప్రకారం, తనకు సంబంధించిన ముఖ్యమైన వాస్తవాన్ని దాచి, మోసంతో సమ్మతి తీసుకుంటే ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. మోసం తెలిసిన ఏడాదిలోపు అడగాలి. తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ హక్కు పోతుంది. చికిత్సలో ఉండి, లోడ్ అందనంత తగ్గినవారి హెచ్ఐవీ 'ముఖ్యమైన వాస్తవం' అవుతుందా అన్న వాదన రావచ్చు. కానీ జీవితాంతం మందులు, పిల్లలను కనేటప్పుడు ప్రత్యేక జాగ్రత్తలు అవసరమయ్యే విషయాన్ని చిన్నదని కోర్టును నమ్మించడం తేలిక కాదు.

తెలిసీ సోకిస్తే క్రిమినల్ కేసు అవుతుందా? హెచ్ఐవీ చట్టంలో సెక్షన్ 10కి విడిగా శిక్ష రాయలేదు. ప్రాణాపాయమైన అంటువ్యాధిని నిర్లక్ష్యంగా వ్యాపింపజేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 271 కింద ఆరు నెలల దాకా, దురుద్దేశంతో చేస్తే 272 కింద రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. కావాలని సోకించినప్పుడు తప్ప క్రిమినల్ చట్టాన్ని తీయవద్దని ఐక్యరాజ్య సమితి ఎయిడ్స్ విభాగం చాలాకాలంగా చెబుతోంది. టెస్టు చేయించుకోనివాడికి 'నాకు తెలియదు' అనే రక్షణ ఉంటుంది, చేయించుకున్నవాడే నేరస్థుడవుతాడు అన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి.

ఇంట్లోవాళ్లకు, పిల్లలకు

అమ్మానాన్నలకు, తోబుట్టువులకు చెప్పాలని ఏ చట్టమూ అనదు. అయినా చాలామంది ఎవరో ఒకరికి చెప్పుకుంటారు, దానికి కారణాలు ఆచరణలోంచి వస్తాయి. రోజూ మాత్ర వేసుకోవాలి, క్రమం తప్పకుండా సెంటర్‌కు వెళ్లాలి. ఇంట్లో ఒక్కరికీ తెలియకపోతే మాత్రలు దాచడం, వేళ తప్పడం మొదలవుతాయి. అలాగని అందరికీ చెప్పినా చిక్కే. ఒకసారి చెప్పిన మాటను వెనక్కి తీసుకోలేం.

పిల్లల సంగతి వేరు. పుట్టుకతో హెచ్ఐవీ ఉన్న పిల్లలకు 'రక్తం తక్కువుంది, టానిక్ వేసుకో' అని ఏళ్ల తరబడి చెప్పే ఇళ్లున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన సూచనల ప్రకారం బడి వయసులో, అంటే 6 నుంచి 12 ఏళ్ల మధ్య, పిల్లలకు వాళ్ల స్థితి తెలియాలి. ఒక్కసారిగా కాకుండా అంచెలంచెలుగా. ఆరేళ్లప్పుడు 'నీ ఒంట్లో ఒక సూక్ష్మజీవి ఉంది, ఈ మందు దాన్ని నిద్రపుచ్చుతుంది' అన్నంత వరకే. తొమ్మిది, పదేళ్లకు మందు మానితే ఏమవుతుందో. ఆ తర్వాత పేరు. టీనేజీ వచ్చాక ఎవరి నోటి నుంచో విన్న పిల్లలు కోపంతో మందులు మానేసే ప్రమాదం ఉంటుంది, తల్లిదండ్రుల మీద నమ్మకమూ పోతుంది.

ఉద్యోగం, ఆసుపత్రి, ఇన్సూరెన్స్

ఉద్యోగం ఇవ్వడానికో వైద్యం చేయడానికో బడిలో చేర్చుకోవడానికో హెచ్ఐవీ టెస్టును షరతుగా పెట్టడాన్ని సెక్షన్ 3 నిషేధించింది. హెచ్ఐవీ ఉందని ఉద్యోగం తీసేయాలంటే, పనిచోట ఇతరులకు గణనీయమైన ప్రమాదం ఉందనో ఆ పనికి ఆ వ్యక్తి పనికిరారనో అర్హత ఉన్న స్వతంత్ర వైద్య నిపుణులు రాసివ్వాలి. వేరే ఏర్పాటు చేయలేనంత భారం తనకు ఎందుకో యజమాని కూడా రాసివ్వాలి. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనిలో అలా రాసివ్వడం ఎవరికైనా కష్టమే.

పంటి డాక్టరుకు చెప్పాలా అని కూడా అడుగుతుంటారు. గ్లవ్స్, శుభ్రం చేసిన పరికరాలు ప్రతి రోగికీ వాడాల్సినవే. తమకు ఉందని తెలియనివాళ్లు కూడా ఆ కుర్చీలో కూర్చుంటారు కాబట్టి. అయితే ఏఆర్‌టీ మందులు కొన్ని ఇతర మందులతో పడవు. కొత్త మందు రాసే డాక్టరుకు చెబితే మేలు జరిగేది ఆ రోగికే.

ఇన్సూరెన్స్‌లో మాత్రం చట్టం కొంత వదిలింది. ప్రమాద గణాంకాల ఆధారం చూపిస్తే కంపెనీ తేడా చూపవచ్చు. ప్రపోజల్ ఫారంలో అడిగిన ఆరోగ్య ప్రశ్నకు అబద్ధం రాస్తే క్లెయిమ్ సమయంలో తగువు వస్తుంది. జీవిత బీమా పాలసీకి మూడేళ్లు నిండాక మాత్రం ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించలేరు.

గోప్యత తప్పితే ఎవరి దగ్గరికి?

వంద మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో, ఇరవై మంది లేదా అంతకు మించి ఉన్న ఆసుపత్రుల్లో ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ పైన రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు విచారించి ఆదేశాలిచ్చే అధికారి ఉంటారు. వివక్ష, వైద్యం నిరాకరణ లాంటి ఫిర్యాదుల మీద 30 రోజుల్లో ఆదేశం ఇవ్వాలి. ప్రాణాపాయం ఉన్న వైద్య అవసరమైతే వీలైనంత వరకు 24 గంటల్లో. ఆదేశం పాటించకపోతే పది వేల రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా మొండికేస్తే రోజుకు ఐదు వేల దాకా. హెచ్ఐవీ ఉన్నవాళ్ల మీద విద్వేషం రెచ్చగొట్టేలా రాసినా ప్రచారం చేసినా మూడు నెలల నుంచి రెండేళ్ల జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ఫిర్యాదు చేస్తే పేరు బయటపడుతుందన్న భయంతోనే చాలామంది ఆగిపోతారు. దానికి సెక్షన్ 34 ఉంది. కోర్టును అడిగితే కేసు మారుపేరుతో నడిపించవచ్చు, విచారణ మూసిన గదిలో జరపవచ్చు, ఆ మనిషి ఎవరో తెలిసేలా ఏదీ ప్రచురించకుండా ఆపవచ్చు. కేసు విచారణలో ఈ గోప్యతను తప్పినవారికి లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుంది.